ఏడో గడి

ముప్ఫై ఏళ్ళుగా ఓడల గుమాస్తాని.
రేవులో దిగిన ప్రతివాణ్ణీ
కాగితం మీదికి ఎక్కించడమే నా పని.
పేరు, పుట్టిన తేది, తండ్రి, తల్లి.
తెలియని చోట అడ్డగీత గీస్తాను.
గీత ఉంటే ఏ అధికారీ మళ్ళీ అడగడు.

ఆ మార్చిలో బొగ్గు ఓడ మీంచి దిగింది
సెకండ్ ఇంజనీరు కిర్‌స్టెన్ హోల్మ్.
డెన్మార్కు పాసుపోర్టు. పుట్టిన ఊరు పూసాన్.
గోళ్ళ కింద నూనె నలుపు,
చెవి పక్కన నెరుస్తున్న పాయ.
గేటు దగ్గర ఆటో అతను "మణిపూరా మేడమ్?" అన్నాడు.
నవ్వింది, అలవాటైన నవ్వు,
చిల్లర తిరిగిచ్చినట్టు.

పక్క బెర్తులో ఉక్కు దింపుతున్న కొరియా ఓడ.
దాని వంటవాడు రెయిలింగు మీంచి వంగి
తమ మాటలో పలకరించాడు.
ఈమె చెయ్యి ఊపింది, తల ఊపింది.
అతను మళ్ళీ అన్నాడు, గట్టిగా,
చెవిటివాళ్ళతో అన్నట్టు.
ఆ తర్వాత మొహం తిప్పుకుని
ఉల్లి తొక్కలు నీళ్ళలో పోశాడు.

ఏడో గడి దగ్గర నా కలం ఆగింది.
"తల్లి పేరు?"
"రెండు ఫైళ్ళున్నాయి," అంది.
"ఒకదాంట్లో పోలీసు ఠాణా మెట్ల మీద దొరికాను.
ఇంకోదాంట్లో ఇంట్లోనే పుట్టాను, నాలుగో ఆడపిల్లని.
రెంటికీ ఒకటే నంబరు.
పుట్టినరోజు మాత్రం
పళ్ళు లెక్కపెట్టి వేశారట."

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు.
నాది జూలై ఒకటి,
కంచరపాలెం బడిలో హెడ్మాస్టరు వేసిన తేది.
మా తరగతిలో సగంమంది ఆ రోజే పుట్టాం.
మా అమ్మ మాత్రం
"గాలివానకి పెంకులు లేచిపోయిన వారంలోరా" అనేది.
చెప్పాక తెలిసింది, చెప్పకుండా ఉండాల్సిందని.
నా తప్పుడు తేదిని దిద్దడానికి
ఒక మనిషి ఉండేది.

ఫారం రేపు ఇద్దామన్నాను.
సాయంత్రం ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్ళాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం అప్పుడే వెలిగింది.
ఎండుచేపల వరసలో, నూకరత్నం గోనెపట్టా ముందు
ఆమె నడక తెగిపోయింది.
ఒక నెత్తల్లు తీసింది.
తల తుంచింది, బొటనవేలి గోటితో పొట్ట గీరింది,
చూడకుండానే.
ఇంకొకటి తీసింది.

"ఎవరు నేర్పారు?" అన్నాను.
వేళ్ళకేసి చూసుకుంది, అద్దెకి తెచ్చినవన్నట్టు.
"ఏ ఓడ వంటగదిలోనో చూశానేమో,"
అని కాసేపాగి, "లేదు," అంది.
నాలుగేళ్ళప్పుడు విమానం ఎక్కించారట.
దిగినచోట వెన్న, రొట్టె, మంచి మనుషులు.

"ఒలమ్మో, మనాగే తీస్తంది సూడు!
ఏ ఊరమ్మా మీయమ్మది?" అంది నూకరత్నం.
నేను తర్జుమా చెయ్యలేదు.
ఆమె అడగలేదు.
నూకరత్నం పావుకిలో తూచి డబ్బు తీసుకుంది.
పొట్లం కట్టబోతూ ఆగి
గుప్పెడు కొసరేసింది.

మర్నాడు ఆమే కలం లాక్కుని
ఏడో గడిలో రాసింది,
మూడు అక్షరాలు, చిన్న చిన్న కిటికీల్లా.
"నా పేరే. ఆ లిపిలో ఇదొక్కటే వచ్చు.
ఇదీ అమ్మ పెట్టింది కాదు.
అనాథాశ్రమం గుమాస్తా పెట్టాడు.
ఆ నెల వచ్చిన పిల్లలందరికీ ఒకే ఇంటిపేరు."

నాలాంటివాడే అయ్యుంటాడు.
భోజనానికి లేవబోతూ, టోపీ వెతుక్కుంటూ,
ఖాళీగా ఉంచితే పైవాళ్ళు తిడతారని.

"ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో," అని
ఇమ్మిగ్రేషను బల్ల మీంచి ఫారం వెనక్కొచ్చింది.
కొత్తది తీశాను.
ఏడో గడిలో గీత గీశాను.
విమానం ఆగదు కదా.

పాడైన ఫారం చించలేదు, సొరుగులో ఉంది.
ఆ వేళ్ళతోనే రాసింది మరి,
తెరిచినప్పుడల్లా నెత్తళ్ళ వాసన.